పిండిమర ఇంటబ్బాయి, పగటినిద్ర ఇంటమ్మాయి

"పన్నెండడుగుల మూడంగుళాలు!"

ముందు కేక వచ్చింది. తర్వాత మెట్లు దడదడలాడాయి. ఆ తర్వాత తలుపు గోడకు గుద్దుకుంది. అన్నీ అయ్యాక ఆఖర్న మనిషి వచ్చాడు. మెడలో టేపు, చేతిలో నోటుబుక్కు, జుట్టు నిండా సిమెంటు.

"వంటగది పన్నెండడుగుల మూడంగుళాలు! హాలు పద్దెనిమిది! మెట్ల కింద గది ఉందంటే ఉంది, లేదంటే లేదు!"

ఇళ్ళ ప్లాన్లు గీసే ఆ ఆఫీసులో ఆ అమ్మాయికి అది మొదటిరోజు. కుర్చీ ఇంకా వేడెక్కలేదు. కేకకు చెయ్యి అదిరి, కంప్యూటరు తెర మీద ఆమె గీస్తున్న వంటగది గోడ కాస్తా పక్కింటివాళ్ళ స్థలంలోకి వెళ్ళి కూర్చుంది.

ఈయనేంటి, కొలతలు ఊరంతటికీ చాటుతున్నాడు అనుకుంది తనలో తను.

"ఊరంతటికీ కాదండీ, మీకే! గీసేది మీరేగా!" అన్నాడతను.

ఆమె కొయ్యబారిపోయింది. తను అనుకుంది. అనలేదు. ఆ రెంటికీ మధ్య ఒక గొంతుంటుంది. అది కదిలినట్టు ఆమెకు గుర్తులేదు.

పక్కబల్ల దగ్గర ఫోన్లెత్తే అక్క తలెత్తి, "ఎవరితో మాట్లాడుతున్నావు మైకూ?" అంది.

"కొత్తమ్మాయితో. నేను ఊరంతటికీ చాటుతున్నానంటోంది!"

"ఎప్పుడంది?"

"ఇప్పుడే!"

"నాకేం వినపళ్ళేదే?"

"మీ చెవి ఎప్పుడూ ఫోనుకే అంటుకుని ఉంటుంది కదక్కా!" అని నోటుబుక్కు బల్ల మీద పడేసి, వచ్చినంత చప్పుడుతోనూ వెళ్ళిపోయాడు. కొలతలు తెచ్చేవాడని చెప్పారు గానీ కలతలు తెచ్చేవాడని ఆమెకెవరూ చెప్పలేదు.

ఇందులో మంత్రం లేదు, మాయ లేదు. ఉన్నవల్లా రెండిళ్ళు.

అతని ఇల్లు పిండిమర. ముందు మర, వెనక ఇల్లు అనుకునేరు. ముందూ మరే, వెనకా మరే. మధ్యలో ఎక్కడో ఒక మంచం, ఒక పొయ్యి సర్దుకుని ఉంటాయి. తెల్లారి ఆరింటికి మోటారు వేస్తే ఆ హోరు సాయంత్రం దాకా ఆగదు. హోరున్న ఇంట్లో నోరుండీ లాభం లేదు. మర ఆగితేనే మాట. మర ఆగదు. మరి మాట? పెదాల మీద చూసుకోవాలి. అమ్మ తూకం దగ్గర నుంచి పెదాలు కదిపితే, కొడుకు గింజలు పోసే తొట్టి దగ్గర నుంచి జవాబు చెప్పేవాడు. వాళ్ళే కాదు, ఏళ్ళ తరబడి వరసలో నిలబడ్డ పిండి ఆడించుకునే వాళ్ళందరికీ ఆ విద్య అబ్బింది. అతని చెవులు బంగారం లాంటివే, వాటికి పని తగల్లేదంతే. ఎదుటి మనిషి నోరు కదిలిందంటే మాట్లాడినట్టే అతనికి. గొంతు వచ్చిందా రాలేదా అని చూసుకోవడం ఆ ఇంట్లో ఎవరూ నేర్పలేదు. బయటి లోకంలో మర ఉండదని తెలియక గొంతు మాత్రం ఎప్పుడూ మర మీదుగానే వేసేవాడు. అందుకే మైకు.

ఆమె ఇల్లు పగటినిద్ర ఇల్లు. నాన్నకు బ్రెడ్డు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. రాత్రంతా పిండి ముద్దలు, పగలంతా దుప్పటి ముసుగు. ఉన్నది గదిన్నర. ఆయన మంచం గదిలో, మిగతా సంసారం అరలో. నాన్న నిద్ర చెడితే రాత్రి మిషను దగ్గర కునుకొస్తుంది, కునుకొస్తే చెయ్యి పోతుంది అని అమ్మ భయం. అందుకని తలుపు గొళ్ళేనికి గుడ్డ చుట్టారు. గిన్నెల కింద గోనెపట్టా పరిచారు. అక్కచెల్లెళ్ళు జుట్టూ జుట్టూ పట్టుకున్నా నిశ్శబ్దంగానే పట్టుకునేవాళ్ళు. మాటలన్నీ ఉత్త పెదాలతో, గొంతు లేకుండా. అలా ఇరవై రెండేళ్ళు పెరిగాక, అనుకోవడమంటే పెదాలు కదపడమే అయిపోయింది ఆ పిల్లకు. కదుపుతున్నట్టు తనకే తెలీదు. తప్పక పైకి మాట్లాడాల్సి వస్తే వచ్చేది పిసరంత గొంతు. ఆఫీసులో రెండోరోజుకే ఆమె పేరు గుసగుస అయిపోయింది.

ఒక ఇల్లు గొంతు లేని మాట నేర్పింది. ఇంకో ఇల్లు గొంతు లేని మాట వినడం నేర్పింది. ఈ సంగతి మీకూ నాకూ తెలుసు. పాపం వాళ్ళిద్దరికీ తెలీదు.

మూడోరోజు మధ్యాహ్నం, ఇంకాసేపుంటే ఈ కీబోర్డు తినేస్తాను అనుకుంది గుసగుస. అయిదు నిమిషాల్లో బల్ల మీద బిస్కెట్ల ప్యాకెట్టు పడింది.

"కీబోర్డు ఆఫీసుదండీ! ఇది నాది, తినండి!"

వారం తిరక్కుండానే ఇంకోటి. పెద్దసారు, అంటే ఆ ఆఫీసు యజమాని, కొత్త టై కట్టుకుని మీటింగుకొచ్చాడు. టై కాదది, సున్నం కొట్టే బ్రష్షు అనుకుంది గుసగుస. ఎదురుగా కూర్చున్న మైకు ఫక్కున నవ్వి, "సున్నం బ్రష్షు! భలే అన్నారండీ!" అన్నాడు.

పెద్దసారు తన మెడ కిందికి చూసుకున్నాడు. "ఎవరన్నారు?"

"ఈవిడేనండీ!"

"ఆ అమ్మాయి ఏమీ అనలేదు. నేను ఆ అమ్మాయి పక్కనే ఉన్నాను. నువ్వే అన్నావు."

మైకు మొహం వెల్లవేసినట్టయింది. టైకి రాని వెల్ల మొహానికొచ్చింది.

గుసగుస ఫోనక్కను మెట్ల దగ్గరికి లాక్కుపోయింది. "అక్కా, నేను పైకి అన్నానా?"

"నువ్వా? పైకా? నువ్వు టీ కావాలని నాతో చెప్పిన రోజున నేను పండగ చేసుకుందామనుకున్నా."

"మరి ఆయనకెలా తెలుస్తోంది? మనసులో మాట..."

"మనసులో మాట తెలిసే మగాడా? ఎక్కడా ఉండడే అలాంటివాడు. జాగ్రత్తగా దాచుకో."

దాచుకోవాల్సింది అతన్ని కాదు, తన ఆలోచనల్ని అనిపించింది గుసగుసకు. అప్పట్నుంచి అతను వస్తున్న చప్పుడు కాగానే బుర్రలో ఇంకేమీ లేకుండా ఎక్కాలు చదువుకోవడం మొదలెట్టింది. ఏడెనిమిదులు యాభై నాలుగు, ఏడు తొమ్మిదులు...

"ఏడెనిమిదులు యాభై ఆరండీ!" అన్నాడు మైకు ఆమె బల్ల దాటుతూ. "లెక్కలు ఇలా ఉంటే ఇల్లు కూలిపోతుంది!"

గుసగుస తల బల్లకానించి కళ్ళు మూసుకుంది. భయంగా ఉందో బాగుందో తేలలేదు. ఇంట్లోవాళ్ళు తప్ప ఈ లోకంలో తనను విన్నవాళ్ళు ఎవరూ లేరు. బడిలో హాజరు పిలిచినప్పుడు 'ప్రెజెంట్' అంటే ఆబ్సెంట్ వేసేవాళ్ళు. ఇప్పుడొకడొచ్చి అననిది కూడా వింటున్నాడు. దీన్ని ఏమంటారో ఏ ఎక్కంలోనూ లేదు.

తర్వాత నిచ్చెన వచ్చింది.

సగం కట్టిన ఇంట్లో పైకప్పు ఎత్తు కొలవాలి. గుసగుస కింద కాగితం పట్టుకుని నిలబడింది. మైకు నిచ్చెన ఆఖరు మెట్టు మీద ఒంటికాలి మీద నిలబడి టేపు అందుకుంటున్నాడు. నిచ్చెన ఇంకా ఎవరి మాటా వినే వయసులో లేదు, అటూ ఇటూ ఊగుతోంది.

జాగ్రత్త. నువ్వు పడితే నేనేమైపోవాలి? అనుకుంది గుసగుస.

సరిగ్గా అప్పుడే మైకు కిందికి చూశాడు. "పడనండీ!" అన్నాడు. అని, మాటలోని రెండో సగం అప్పుడే అర్థమైనట్టు గబుక్కున మొహం పైకప్పు వైపు తిప్పేసుకున్నాడు. కింద నుంచి చూస్తే చెవులు ఎర్ర ఇటుకల్లా ఉన్నాయి.

ఆ వారం అతను తెచ్చిన కొలతల్లో ఒక స్నానాలగది నలభై అడుగులు వచ్చింది.

"ఇది స్నానాలగదా, స్టేడియమా?" అన్నాడు పెద్దసారు.

"ఎలా అనిపిస్తే అలాగేనండీ!" అన్నాడు మైకు ఆనందంగా.

ఆ తర్వాతి మంగళవారం అదే ఇంటి దగ్గర వాన పట్టుకుంది. మామూలుగా పట్టుకోలేదు, చొక్కా పట్టుకుంది. ఇద్దరూ వాచ్‌మన్ రేకుల షెడ్డు కిందికి పరుగెత్తారు. పైన రేకు మీద వాన దరువేస్తోంది. పక్కన బాంబు పడ్డా పడిందని ఉత్తరం రాయాల్సిందే.

మైకుకు ప్రాణం లేచొచ్చింది. అచ్చం ఇంట్లో ఉన్నట్టే ఉంది. గొంతు ఆపేసి, హాయిగా పెదాలతో అన్నాడు: "మా ఇంట్లో అమ్మ నన్ను తిట్టాలంటే ముందు నా మొహం తన వైపు తిప్పుకోవాలండీ. నేను కళ్ళు మూసుకుంటే తిట్లు తగలవు."

గుసగుస నవ్వింది. "మా ఇంట్లో తిట్లు ఉండవు. అమ్మ పళ్ళు కొరుకుతుంది. అదీ మెల్లిగా."

"తలుపులు?"

"తలుపులకు నూనె. చెల్లి పుట్టినప్పుడు కూడా మెల్లిగా ఏడవమని చెప్పారేమో, అది ఇప్పటికీ ముక్కుతోనే ఏడుస్తుంది."

"అందుకేనా మీరు గీసే ప్రతి ఇంటికీ గోడలు లావుగా పెడతారు?"

"అందుకేనా మీరు ప్రతి గదికీ ఇంకో కిటికీ పెట్టమని గొడవ చేస్తారు?"

అరగంట గడిచింది. ఆమె జన్మలో ఒక్క దమ్ములో అన్ని మాటలు ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ టక్కున ఆగింది. పైనున్న రేకు వైపు చూసింది. అతని వైపు చూసింది. చెయ్యి గొంతు మీద పెట్టుకుంది.

"నేను పైకి మాట్లాడ్డం లేదు."

"అవును, ఈ వానలో ఎందుకు అరవడం?"

"కాదు. ఎప్పుడూ. బిస్కెట్లు. సున్నం బ్రష్షు. ఎక్కాలు. నేనొక్కసారి కూడా పైకి అనలేదు."

మైకు ఒక్కొక్కటే వెనక్కి తిరగేసుకున్నాడు. కీబోర్డు. టై. ఏడెనిమిదులు. నిచ్చెన.

నిచ్చెన దగ్గర ఆగిపోయాడు.

నువ్వు పడితే నేనేమైపోవాలి. వారం రోజులుగా ఆ మాటను జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. అది అతనికి చెప్పిన మాట కాదా? ఆమె మనసనే ఇంట్లో, తలుపేసుకుని, తనకు తను చెప్పుకున్న మాటా? తను తట్టకుండా లోపలికెళ్ళి, కుర్చీ లాక్కుని కూర్చుని మరీ విన్నాడా?

"సారీ అండీ," అన్నాడు. ఈసారి గొంతుతో. వానలో ఆ ముక్క ఎవరికీ వినపడలేదు. ఆమె మాత్రం చూసింది, ఎందుకు సారీయో అర్థం కాలేదు. వాన ఇంకా తగ్గకుండానే అతను రోడ్డున పడి వెళ్ళిపోయాడు.

మర్నాడు గుసగుస కాస్త ముందుగానే ఆఫీసుకొచ్చింది. నిన్నటిదాకా భయమో బాగో తేలనిది ఒక్క వానతో తేలిపోయింది. ఇప్పుడు తెలిసే, కావాలనే, అతని వైపు తిరిగి పెదాలు కదిపింది: "గుడ్ మార్నింగ్. నిన్న తడిశావా?"

మైకు ఫ్యాను వైపు చూస్తున్నాడు.

"ఏమైంది?"

మైకు గోడ మీది క్యాలెండరు వైపు చూస్తున్నాడు. తర్వాత కిటికీ. తర్వాత తన చెప్పులు. ఆ గదిలో చూడదగ్గవన్నీ వరసగా చూశాడు, ఒక్క ఆమె మొహం తప్ప. ఆమె పెదాలు దొంగతనంగా చదవకూడదని అతను ఒట్టు పెట్టుకున్నాడు. ఆమె పిసరంత గొంతుతో మాట్లాడితే చెవికి చెయ్యి ఒగ్గి, "ఆఁ? కాస్త గట్టిగా చెప్పండి!" అనేవాడు. ఇన్నాళ్ళూ అననిదంతా విన్నవాడు ఇప్పుడు అన్నది కూడా వినడం లేదు.

"పిచ్చెక్కుతోందక్కా," అంది గుసగుస. "వానలో అంత బాగా ఉన్నాడు. జలుబు చేస్తే ముక్కుకు చెయ్యాలి గానీ ప్రేమకు చేస్తుందా?"

"ప్రేమ అన్నావా ఇప్పుడు?"

"అనలేదు."

"అన్నావు. పైకే. నేను విన్నాను. నేను వినడమంటే చరిత్ర."

గురువారం నాడు పెద్దసారు అసలు బాంబు వేశాడు. మూడు వందల మైళ్ళ అవతల ఊళ్ళో కొత్త బ్రాంచి పెడుతున్నారు. దానికి పెద్దగా గుసగుసను వేశాడు. గీతలు ఆమెవి, మరి కొలతలు?

"ఇద్దరున్నారు. మన మైకు, లేకపోతే ఎప్పుడూ టోపీతో తిరిగే ఆ ఇంకో కొలతల కుర్రాడు," అన్నాడు పెద్దసారు. "రేపటికల్లా కాదులే. శనివారం పన్నెండింటికి ఎవరు కావాలో నోరు తెరిచి నాకు చెప్పు. చెప్పకపోతే టోపీ వస్తాడు. వచ్చే సోమవారం రైలు."

టోపీ మంచివాడే. కొలతలు అంగుళం తప్పవు. అతనితో వెళ్తే ఇళ్ళు బాగుంటాయి. ఆమె బాగుంటుందా అన్నది ఏ టేపుతోనూ తేలేది కాదు.

శుక్రవారం సాయంత్రం గుసగుస ధైర్యం కూడగట్టుకుని మైకు బల్ల ముందు నిలబడింది.  పెదాలు కదిపింది.

"ఆ ఊరు నాతో వస్తావా? నాకు నువ్వే కావాలి. కొలతల కోసం మాత్రమే కాదు."

మైకు తల పూర్తిగా వెనక్కి వాల్చి పైకి చూస్తున్నాడు. మెడ మీద నరం కొట్టుకుంటోంది. "ఈ ఫ్యాను," అన్నాడు, "ఈమధ్య బాగా తిరుగుతోందండీ!"

ఆమె కూడా ఒకసారి ఫ్యాను వైపు చూసింది. బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున ఫోనక్క అడిగింది. "అడిగావా?"

"అడిగాను. ఫ్యాను బాగా తిరుగుతోందన్నాడు."

"దేంతో అడిగావు? గొంతుతోనా, మూతితోనా?"

గుసగుస చెయ్యి మూతి మీదికి వెళ్ళింది.

"అనుకున్నాను. చూడు, శనివారం వాళ్ళ మర దగ్గర రద్దీ. పొద్దుటిపూట సెలవు పెట్టి అక్కడే ఉంటాడు. ఇదిగో, మా ఇంట్లో గోధుమలు. ఆడించుకు రా. పిండి రాకపోయినా ఫరవాలేదు, విషయం తేల్చుకు రా. పదకొండు దాటింది."

మర వీధి మొదట్లోనే వినిపించింది. గుమ్మం దగ్గర నేల కాళ్ళ కింద వణుకుతోంది. లోపల అన్నీ తెల్లగా ఉన్నాయి: గోడలు, సాలెగూళ్ళు, వరసలో నిలబడ్డ ఏడుగురి భుజాలు, తూకం దగ్గర కూర్చున్నావిడ కనురెప్పలు. తొట్టి పక్కన మెట్టు మీద మైకు నిలబడి ఉన్నాడు, నిలువెల్లా పిండి. ఆమెను చూశాడు. చేతిలో బుట్ట జారబోయింది. వెంటనే రెండు కళ్ళూ గట్టిగా మూసేసుకున్నాడు.

గుసగుసకు ఒళ్ళు మండిపోయింది. ఫ్యాను లేదని కళ్ళే మూసుకున్నాడు!

ఆ హోరులో ఒక ధైర్యం వచ్చింది. ఇక్కడ తనేమన్నా ఎవరికీ వినపడదు. గోధుమల సంచి కింద పెట్టింది. ఇన్నాళ్ళదీ ఒక్కసారిగా, పెదాలతో, చేతులతో, కళ్ళతో తోసేసింది.

"కళ్ళు మూసుకుంటావా? మూసుకో! నేను అననివన్నీ వినేశావు, అన్నది ఒక్కటి వినవు. బిస్కెట్లు నువ్వెందుకిచ్చావు? నిచ్చెన మీద నీ చెవులెందుకు ఎర్రబడ్డాయి? నాకు నువ్వంటే ఇష్టం. నువ్వు అరిస్తే ఇష్టం. ఆ ఊరు నాతో రమ్మని అడిగితే ఫ్యాను చూస్తావా? పన్నెండింటికి నేను టోపీ పేరు చెప్పేస్తాను. అతనితో ఇళ్ళు కడతాను. ఆ ఇళ్ళలో ఒక్క కిటికీ కూడా పెట్టను. నువ్వు గుర్తొస్తావని!"

ఊపిరి పీల్చుకుంది. కళ్ళు తుడుచుకుని వెళ్ళబోయింది.

వరస కదల్లేదు. మూడో మనిషి, కళ్ళద్దాల పెద్దావిడ, చెంగుతో ముక్కు తుడుచుకుంటోంది. ఆమె వెనకున్న మీసాలాయన పాపం అన్నట్టు తలూపుతున్నాడు. తూకం దగ్గర మర అమ్మ చేతిలో చేట గాల్లోనే ఆగిపోయింది. పెద్దావిడ పెదాలు కదిలాయి. గుసగుసకు చక్కగా అర్థమైంది: "వెళ్ళకమ్మా. వాడు చూళ్ళేదు. మేమందరం చూశాం."

గుసగుస మొహం మరలో పడ్డ గింజలా అయింది. "మీరు... అందరూ?"

"ఇక్కడ అంతేనమ్మా," అన్నాయి ఏడు జతల పెదాలు.

మర అమ్మ లేచింది. మీట కిందికి లాగింది. పని వేళలో ఆ మర ఆగడం ఆ వీధి ఎరగదు. ఎదురు కొట్టువాళ్ళు ఏమైందోనని బయటికొచ్చారు. ఆ నిశ్శబ్దంలోకి ఆవిడ గొంతు, మరను గెలిచి గెలిచి బలిసిన గొంతు, దూసుకొచ్చింది.

"ఒరేయ్! కళ్ళు తెరువు! పిల్ల అంత చెప్తోంటే నువ్వు నిద్ర నటిస్తావా?"

"నేను చూళ్ళేదమ్మా! చూడకూడదనే మూసుకున్నా!"

"ఎందుకురా?"

"అవి ఆవిడ తనకు తను అనుకునే మాటలు! నాకు చెప్పినవి కాదు! ఇన్నాళ్ళూ తెలీక దొంగతనం చేశాను, తెలిసి చెయ్యలేను!"

వరసంతా ఒక్కసారి గుసగుస వైపు తిరిగింది.

ఫ్యాను వెనక ఇదా ఉన్నది! ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందో తెలీక రెండూ ఆగిపోయాయి. నోరు తెరిచింది. గాలి వచ్చింది. మళ్ళీ తెరిచింది. చిన్న కీచు వచ్చింది. పెద్దావిడ, "రా తల్లీ, రా" అని బిడ్డ నడకకు చేతులు చాచినట్టు చాచింది.

"నీకే!" అంది గుసగుస. ఆ గొంతుకు తనే ఉలిక్కిపడింది. అయినా ఆగలేదు. "వాన తర్వాత అన్నవన్నీ నీకే చెప్పాను! తెలిసే చెప్పాను! నువ్వు చూస్తావనే చెప్పాను! నాతో వస్తావా, రావా?"

మైకు కళ్ళు తెరిచాడు. తెల్లటి మొహంలో రెండు నల్లటి కళ్ళు. నోరు తెరిచాడు. ఆ ఊళ్ళో అందరికంటే గట్టి నోరు. దాంట్లోంచి ఒక్క ముక్క రాలేదు. పెదాలు మాత్రం కదిలాయి.

"ఏమన్నాడు?" అంది ఆమె వరసతో. కన్నీళ్ళడ్డొచ్చి ఆమెకు కనపడలేదు.

"వస్తానన్నాడు!" అన్నారు ఏడుగురూ.

పన్నెండుకు నాలుగు నిమిషాలుండగా ఆమె పెద్దసారుకు ఫోను చేసింది. "సార్, కొలతలకు మైకే కావాలి."

"ఎవరమ్మా మాట్లాడేది? రాంగ్ నంబరు," అని పెట్టేశాడు పెద్దసారు. ఆయన ఆ గొంతు ఎన్నడూ విన్న పాపాన పోలేదు. రెండోసారి ఫోను మర అమ్మ అందుకుంది. అప్పుడు ఆయన ఫోను లేకపోయినా విని ఉండేవాడు.

ఇక మిగిలింది నాన్న.

ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు, ఆయన లేచాక రమ్మని గుసగుస చెప్పింది. మర అమ్మ ఆత్రం ఆగక రెండున్నరకే మొగుణ్ణీ కొడుకునూ వెంటబెట్టుకుని దిగిపోయింది. తలుపు తీసిన గుసగుస అమ్మకు గుండె జారిపోయింది. గదిలో మంచం మీద దుప్పటి ముసుగు. కూర్చోవడానికి ఇంకో గది లేదు. వేలు పెదాల మీద పెట్టుకుని, మంచం చుట్టూ చాపలు పరిచింది. మైకు తన మూతిని తనే రెండు వేళ్ళతో మూసి పట్టుకుని కూర్చున్నాడు. ఈయన నిద్ర చెడితే సంబంధం చెడ్డట్టే అని అతనికి ముందే చెప్పారు.

"క్షమించండి," అంది గుసగుస అమ్మ ఉత్త పెదాలతో, అలవాటుకొద్దీ. "ఇలా అయితే మీకు అర్థం కాదేమో."

"అర్థం కాకేం వదినగారూ," అంది మర అమ్మ అలాగే. "మేం పిండి, మీరు రొట్టె. మనకు వేరే భాషెందుకు?"

గుసగుస అమ్మ నోరు తెరుచుకుంది. మొదటిసారి తన ఇంట్లోకి ఒక చుట్టం వచ్చి పగలు మాట్లాడుతున్నారు. అంతే, ఇద్దరూ పోటీలు పడ్డారు. పిల్ల సున్నితం. పిల్లాడు మొరటు గొంతే గానీ మెత్తటి మనసు. కొత్త ఊళ్ళో ఇల్లు ఎలా? అద్దె ఇంటికి గోడలు ఎంత లావు? అన్నయ్యగారు ఒప్పుకుంటారా? గంటసేపు అంత పెద్ద సంబంధం చప్పుడు లేకుండా నడిచింది. ఈగ ఒకటి ఎగురుతోంటే చెల్లి దాన్ని కూడా కోపంగా చూసింది.

"అబ్బబ్బ!" అంది దుప్పటి. "ఎవరైనా కాస్త మాట్లాడండర్రా!"

అందరూ శిలలైపోయారు. ముసుగు తీసి నాన్న లేచి కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నిద్ర చెడగొట్టామా నాన్నా?" అంది గుసగుస, గొంతుతో.

"పడితే కదమ్మా చెడ్డానికి? ఫ్యాక్టరీలో పిండి కలిపే మిషను పక్కన ఇరవై రెండేళ్ళు. ఆ చప్పుడులో అయితే నిలబడి నిద్రపోగలను. ఇంటికొస్తే ఏముంది? చీమ నడిచినా వినపడేంత నిశ్శబ్దం. చెవుల్లో గుయ్యిమంటుంది. ఎప్పుడో నాలుగింటికి అలిసిపోయి ఒక్క కునుకు."

అమ్మకు అయోమయంలో గొంతే వచ్చేసింది. "మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేమండీ?"

"ఎలా చెప్తానే? చంటిపిల్లలు కూడా నా కోసం ముని వేళ్ళ మీద నడుస్తోంటే? అంత ప్రేమగా ఊపిరి బిగబడుతున్నారు. పాడు చెయ్యబుద్ధి కాలేదు."

గుసగుస ఆయన వైపు చూసింది. అమ్మ వైపు చూసింది. బడిలో ఆబ్సెంటులు, మింగేసిన మాటలు, పిసరంత గొంతు. అన్నీ ఎవరికీ అక్కర్లేని జాగ్రత్త కోసమా? కోపం రావాలేమో అనుకుంది. అది ఎక్కడ వెతికినా దొరకలేదు. ఎదురుగా మూతి పట్టుకుని కూర్చున్నవాడే కనిపించాడు.

అతనింక ఉండబట్టలేకపోయాడు. వేళ్ళు తీసేశాడు. "అయితే తప్పెవరిదండీ!"

కిటికీ అద్దాలు గలగలమన్నాయి. నాన్న మొహం విప్పారింది.

"ఆహా! ఎవరు బాబూ నువ్వు? ఏం గొంతు! ఇంకోసారి అను."

"ఏమనమంటారండీ?"

"ఏదైనా. ఆపకుండా." అంటూనే ఆయన దిండు సర్దుకుని వాలిపోయాడు.

మైకు గుసగుస వైపు చూశాడు. ఆమె తలూపింది. అతను గొంతు సవరించుకుని మొదలెట్టాడు. తనెవరో, జీతమెంతో, రేపటి రైలు ఎన్నింటికో, ఆ ఊళ్ళో వాళ్ళమ్మాయి కింద తను ఏం పని చెయ్యబోతున్నాడో, పైకి అరిచినా ఆమె మాట ఎందుకు జవదాటడో, అన్నీ మర మీదుగా వేసే గొంతుతో చెప్పుకొచ్చాడు. పక్కవాటాల వాళ్ళు గుమ్మంలో మూగారు. చివరికి, "కాబట్టి మీ అమ్మాయిని నాకిచ్చి పెళ్ళి చేస్తారాండీ?" అన్నాడు.

నాన్న గుర్రు పెట్టాడు.

అందరూ మొహాలు చూసుకున్నారు. "అంటే ఒప్పుకున్నట్టా, కానట్టా?" అంది మర అమ్మ.

"నాకేం తెలుసు వదినగారూ, ఈయన గుర్రు నేనే మొదటిసారి వింటున్నాను," అంది గుసగుస అమ్మ.

మైకు దిక్కు తోచక ఆగిపోయాడు. గది మళ్ళీ నిశ్శబ్దమైంది. గుర్రు ఆగింది. నాన్న కళ్ళు తెరవకుండానే కాస్త విసుగ్గా అటు ఒత్తిగిల్లాడు.

"ఆపేశావేం అల్లుడూ?"